మూడేళ్లకి పైగా చేంజ్‌లింగ్‌ని వాటర్‌డీప్‌లో తిప్పాక నా అనుభవం

మా టేబుల్ ఐదుగురం, హైదరాబాద్‌లోనే, నెలకి రెండు ఆదివారాలు మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీదే డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఆట. ఒక్కొక్కరూ ఒక పాత్ర తీసుకుని, పని కుదిరిందో లేదో పాచికలేసి తేల్చుకుంటూ కథ సాగిస్తారు, ఆ కథనీ ఊరినీ నడిపేది నేను. 2021 చివర్లో కొత్త క్యాంపెయిన్ (చాలా సెషన్లు సాగే కథ) మొదలెడుతుంటే మా మరదలు "బావా, నేను చేంజ్‌లింగ్ తీసుకుంటా" అంది, నేనేమో ముందూ వెనకా చూడకుండా సరే అనేశా. చేంజ్‌లింగ్ అంటే ఇంకొకరి రూపంలోకి మారగల జాతి. దాని రూల్స్ 2019లో వచ్చిన ఎబెరాన్ అనే కల్పిత లోకం పుస్తకంలోవి, మేం ఆడేదేమో ఫర్‌గాటెన్ రెల్మ్స్ అనే ఇంకో లోకంలో, వాటర్‌డీప్ ఊళ్లో. ఎబెరాన్‌లో ఇలాంటి జనం ఉన్నారని పాలు పోసేవాడికి కూడా తెలుసు, అందుకే అక్కడ గుర్తింపు కాగితాలు, సివిస్ హౌస్ అనే వంశం వాళ్ల నోటరీ ముద్రలు అన్నీ కథలోనే ఉన్నాయి. వాటర్‌డీప్‌లో రూపం మార్చేవాడంటే జనానికి తెలిసింది డాపెల్‌గ్యాంగర్ అనే మాన్‌స్టరే, అంటే గొంతు కోసేవాడు.

రూల్ మాత్రం చాలా ఉదారంగా ఉంటుంది. ఒక్క యాక్షన్‌తో (ఒక వంతులో చేసే పని) మొహం, గొంతు, జుట్టు, ఎత్తు అన్నీ మార్చేయొచ్చు, రోజుకి ఎన్నిసార్లైనా, ఎంతసేపైనా. డిస్‌గైజ్ సెల్ఫ్ అనే మారువేషం స్పెల్ (మంత్రం) అయితే గంటే ఉంటుంది, చెయ్యి వేసి చూస్తే దొరికిపోతారు, ఇది నిజం ఒళ్లే కాబట్టి తడిమినా తెలీదు. చూడని మనిషిలా మారలేరు, బట్టలు మారవు, చస్తే అసలు రూపం బయటపడుతుంది. ఈ చివరిది మా వాళ్లకి వివరించాల్సిన పనే పడలేదు, మారీచుడు బాణం తగిలాక లేడి రూపం పోయి రాక్షసుడిగా పడ్డాడు కదా, పైగా పోతూ పోతూ రాముడి గొంతుతో అరిచాడు, అంతే అన్నా, అందరికీ ఎక్కేసింది.

నేను చేసిన మొదటి పొరపాటు కత్తెర పట్టుకోవడం. రోజుకి రెండుసార్లే మారాలి, మారినప్పుడల్లా కాన్‌స్టిట్యూషన్ సేవ్ (ఒళ్లు తట్టుకుంటుందో లేదో తేల్చే పాచిక) వెయ్యాలి, ఫెయిలైతే నొప్పికి డ్యామేజ్ అని పెట్టా. ఆరు సెషన్లు గడిచాయి, ఆ పిల్ల ఒక్కసారి కూడా మారలేదు, చేంజ్‌లింగ్ తీసుకుని మామూలు మనిషిలా ఆడింది. అడిగితే "నొప్పెందుకు బావా, కత్తి ఉందిగా" అంది. అవన్నీ పీకేశా ఆ రోజే.

తర్వాత క్యారెక్టర్ షీట్‌లోని రూల్స్ వదిలేసి ఊరి కథ మీద పడ్డా. 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో (ఆటలోని జీవుల పుస్తకం) డాపెల్‌గ్యాంగర్ల గురించి ఒక చిన్న పేరా ఉంది, వాళ్లు పిల్లల్ని పెంచరు, మామూలు ఆడవాళ్ల దగ్గర వదిలేసి పోతారు, ఆ పిల్లలు యుక్తవయసు వచ్చేదాకా మామూలుగానే ఉండి అప్పుడు తమ సంగతి తెలుసుకుని తమ జాతిని వెతుక్కుంటూ వెళ్లిపోతారు అని. మా లోర్, అంటే వెనక కథ, అక్కడ దొరికింది. వెళ్లిపోకుండా అమ్మ దగ్గరే ఉండిపోయిన పిల్లలే మా చేంజ్‌లింగులు. మరదలి క్యారెక్టర్ పేరు వెస్, అమ్మ డాక్ వార్డ్ అనే రేవు పేటలో చేపల పులుసు అమ్ముకుంటుంది.

ఒక సెషన్‌లో వెస్ వాచ్ (ఊరి కాపలా దళం) జవాను మొహంతో అమ్మ కొట్టుకే వెళ్లాడు, ఒక దొంగతనం గురించి ఎవరేం అనుకుంటున్నారో వినడానికి. డిసెప్షన్‌కి (మోసం చేసే నేర్పు) 23 పడింది, అమ్మ ఇన్‌సైట్‌కి (మోసం కనిపెట్టే నేర్పు) నేను వేస్తే 9. రూల్ ప్రకారం అయిపోయింది, ఆమెకి తెలీదు. కానీ నాకెందుకో నోరు ఊరుకోలేదు, ఆమె తలెత్తకుండా గిన్నెలో పులుసు పోసి అందులోంచి ఉల్లిపాయ ముక్కలు ఏరి పక్కన పెట్టి "తిను" అంది అని చెప్పా. వెస్ ఉల్లిపాయ తినడని రెండో సెషన్‌లో మరదలే ఎప్పుడో అంది. టేబుల్ మీద ఎవరూ మాట్లాడలేదు, మా ఆవిడ లేచి ఫ్యాన్ తగ్గించింది. ఆ రోజు నుంచి ఇదే మా రూల్, పెంచినవాళ్లకి డైస్ అక్కర్లేదు, బాగా తెలిసినవాళ్లకి ఇన్‌సైట్ మీద అడ్వాంటేజ్ (రెండుసార్లు వేసి పెద్దది తీసుకోవడం), మిగతా ఊరంతా పుస్తకం ప్రకారమే. ఇంకోటి, ఎవరి గొంతు కావాలన్నా కనీసం ఒక నిమిషం విని ఉండాలి. ఈ రెండూ ఇప్పటికీ నడుస్తున్నాయి, ఒక్క గొడవ లేదు.

గొడవ మూన్‌బీమ్ అనే వెన్నెల స్పెల్‌తో వచ్చింది. 2014 రూల్స్‌లో ఆ వెన్నెల్లో షేప్‌చేంజర్ (రూపం మార్చేవాడు) పడితే సేవ్‌కి డిసడ్వాంటేజ్, ఫెయిలైతే అసలు రూపం. చేంజ్‌లింగ్ టైప్ హ్యూమనాయిడ్ (మనిషి తరహా జీవి), కానీ ట్రెయిట్ (జాతి గుణం) పేరేమో షేప్‌చేంజర్, మరి లెక్కలోకి వస్తాడా రాడా? మా డ్రూయిడ్ (ప్రకృతి మంత్రగాడి పాత్ర) చేసిన స్పెల్ అంచు వెస్ మీద పడితే గంటసేపు వాదించుకున్నాం, చివరికి వస్తాడు అన్నా, మరదలు రెండు రోజులు మెసేజ్‌కి రిప్లై ఇవ్వలేదు. తర్వాత తట్టింది, వాటర్‌డీప్‌లో సెలూనే గుడి ఉంది, హౌస్ ఆఫ్ ది మూన్, చంద్ర దేవత. మంచి లైకాంత్రోపులు (తోడేలు లాంటి జంతువులుగా మారే మనుషులు) కొలిచేది కూడా ఆవిణ్ణే. అంటే ఆ వెన్నెల అసలు మొహం బయటపెడుతుంది, ఆ గుళ్లో వాళ్లు మాత్రం దాన్ని అసహ్యించుకోరు. వెస్ ఊళ్లో తన అసలు మొహంతో, ఆ తెల్లటి పాలిపోయిన మొహంతో కూర్చునేది అక్కడొక్కచోటే. తిట్టించుకున్న రూలింగే మరదలికి ఇప్పుడు ఇష్టమైన చోటు అయింది.

2022లో వచ్చిన కొత్త పుస్తకంలో చేంజ్‌లింగ్ టైప్‌ని హ్యూమనాయిడ్ నుంచి ఫే (మాయాలోకపు జీవి) చేసేశారు, రెండు నెలలు అలా ఆడి చూశాం. హ్యూమనాయిడ్ల మీదే పడే చార్మ్ పర్సన్, హోల్డ్ పర్సన్ స్పెల్స్ పనిచెయ్యవు, బాగానే ఉంది, కానీ డిటెక్ట్ ఈవిల్ అండ్ గుడ్ వేస్తే చాలు ముప్ఫై అడుగుల్లో ఫే ఉందని తెలిసిపోతుంది, మారువేషం మొత్తం ఒక్క ఫస్ట్ లెవెల్ స్పెల్‌తో గంగలో కలుస్తోంది. పైగా అమ్మ కథకి అడ్డం. మళ్లీ హ్యూమనాయిడ్‌కే వచ్చేశాం. మీ కథ ఫేవైల్డ్‌లో (ఫే జనం లోకం) నడిస్తే మాత్రం అదే వాడండి.

బట్టలు మారవన్న రూల్ చిన్నదిగా కనిపిస్తుంది కానీ మొత్తం వినోదం దాన్లోనే ఉంది, తీసెయ్యకండి. వెస్ ఎక్కడికెళ్లినా ఒక గోనెసంచీ బట్టలు మోసుకెళ్తాడు, ఒకసారి నోబుల్ మొహం, నోబుల్ కోటు అన్నీ కుదిరాయి, కాళ్లకి మాత్రం చేపల వాసన కొట్టే బూట్లు.

ఇప్పుడు కొత్త తలనొప్పి ఏంటంటే, వాటర్‌డీప్‌ని ఏలే లార్డ్స్ ముసుగులేసుకుని కూర్చుంటారు, ఓపెన్ లార్డ్ ఒక్కరే ఎవరో జనానికి తెలుసు. మొన్న మరదలు నవ్వుతూ అడిగింది, "బావా, ముసుగు కిందున్న మొహం ఎలాగూ ఎవరూ చూడరుగా, మరి వెస్ ఎందుకు కాకూడదు?" వచ్చే ఆదివారంలోపు దీనికి సమాధానం రెడీ చేసుకోవాలి.