ఇన్సూరెన్స్ లేనందుకు చలానా పడిన తరువాత: బందరు రోడ్డు పక్క వీధిలోని ఒక ఏజెంటు కార్యాలయం గురించి

2025 ఆగస్టులో ఒక ఉదయం విజయవాడలో రామవరప్పాడు రింగు దగ్గర ట్రాఫిక్ పోలీసులు నా స్కూటరును ఆపారు. హెల్మెట్ పెట్టుకున్నాను, లైసెన్సు, ఆర్సీ ఫోనులోని డిజిలాకర్‌లో ఉన్నాయి, కాబట్టి నిబ్బరంగానే నిలబడ్డాను. కానిస్టేబుల్ గారు బండి నంబరు తన ఫోనులో కొట్టి, తెరను నా వైపు తిప్పి చూపించారు. ఇన్సూరెన్స్ గడువు జూన్ 14తోనే ముగిసిందని అందులో ఉంది. ఇక్కడే ఆన్‌లైన్‌లో కట్టేస్తానని అంటే, "ఇప్పుడు కట్టినా ఈ రోజు చలానా పోదమ్మా, కానీ ఈ రోజే కట్టించుకోండి" అని ఆయన మర్యాదగానే చెప్పారు. మోటారు వాహనాల చట్టం 196వ సెక్షన్ కింద మొదటిసారికి రెండు వేల రూపాయలు, మళ్లీ పట్టుబడితే నాలుగు వేలు జరిమానా. మూడు నెలల వరకు జైలు శిక్ష కూడా ఆ సెక్షన్‌లో ఉంది.

రోడ్డు పక్కన నిలబడే ఒక ఆన్‌లైన్ సంస్థ యాప్ తెరిచాను. నాకు కావలసిన థర్డ్ పార్టీ పాలసీ, అంటే మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా, ఎక్కడో అడుగున ఉంది, పైన అంతా ఖరీదైన ప్యాకేజీలే. పాలసీ ఏ రోజు, ఏ గంట నుంచి అమలులోకి వస్తుందో డబ్బు కట్టే పేజీ దాకా వెళ్లినా స్పష్టంగా కనిపించలేదు. దానిని మూసేసి, మా పాఠశాలలో తోటి ఉపాధ్యాయురాలు చెప్పిన ఏజెంటు గారి దగ్గరకు వెళ్లాను. ఈ సమీక్ష ఆయన కార్యాలయం గురించే. అడగకుండా పేరు రాయడం బాగుండదని రాయడం లేదు.

ఒకే గది, రెండు కుర్చీలు, ఒక ప్రింటరు. అరవై దాటిన ఆ పెద్దాయన కొత్త పాలసీ మాట ఎత్తకుండా, ముందు పాతది చూపించమన్నారు. 2020 జూన్‌లో షోరూములో ఇచ్చిన కాగితం అది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవడం తప్పనిసరి అయింది, కాని బండికి జరిగే నష్టానికి ఇచ్చిన బీమా నా పాలసీలో ఒక్క ఏడాదికే ఉంది. ఐదేళ్లూ అన్నిటికీ రక్షణ ఉందనుకుని నేను ఊరుకున్నాను. తరువాత ఆయన పెన్నుతో మొదటి పేజీలో ఒక చోట గీత గీసి, "ఈ నంబరు నీదేనా అమ్మా?" అని అడిగారు. నాది కాదు. నా ఫోను నంబరు ఉండవలసిన చోట షోరూము నంబరు ఉంది. గడువు ముగుస్తోందన్న సందేశం నాకు ఎందుకు రాలేదో అప్పుడు అర్థమైంది. నేను చలానా పొరపాటుకు నన్నే తిట్టుకుంటూ వచ్చాను. ఆ గీత చూశాక కొంత కోపం, కొంత ఊరట కలిగాయి. షోరూములో సంతకం పెట్టించుకునేటప్పుడు ఈ ఒక్క గడి చదవమని ఎవరైనా చెప్పి ఉంటే, అరవై రోజులకు పైగా నేను పాపను వెనక కూర్చోబెట్టుకుని బీమా లేని బండి నడిపి ఉండేదాన్ని కాదు. ఆ రోజుల్లో నా బండి తగిలి ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చి ఉంటే ప్రమాద కేసులు విచారించే ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారం మొత్తం మేమే కట్టుకోవలసి వచ్చేది. చలానా కంటే నాకు ఇదే ఎక్కువ భయం కలిగించింది.

ధర గురించి ఆయన చెప్పిన మాట చాలామందికి తెలియవలసినది. థర్డ్ పార్టీ ప్రీమియాన్ని ప్రభుత్వం నిర్ణయిస్తుంది కాబట్టి ఏ సంస్థలో తీసుకున్నా ఒకటే. 75 సీసీ దాటి 150 సీసీ లోపు బండికి 714 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే సుమారు 843. నాది 125 సీసీ స్కూటరు. యజమానికి తప్పనిసరి అయిన 15 లక్షల ప్రమాద బీమా వేరే పాలసీలో ఇప్పటికే ఉందా అని అడిగి, లేదన్నాకే దానిని కలిపారు. బండి నష్టానికి బీమా కావాలంటే తీసుకోవచ్చునని, ఐదేళ్లు దాటిన బండికి విలువను సంస్థతో మాట్లాడుకుని నిర్ణయించుకోవాలని వివరించి, ఎంపికను నాకే వదిలారు. ఈసారికి వద్దన్నాను, ఆయన మళ్లీ అడగలేదు.

ఇంజను, ఛాసిస్ నంబర్లను ఆర్సీతో ఒక్కొక్క అక్షరం పోల్చి గట్టిగా చదివారు. పాలసీ ముద్రించి ఇస్తూ, ఆ సంస్థ పద్ధతి ప్రకారం అది అర్ధరాత్రి నుంచే అమలులోకి వస్తుందని చూపించి, "అప్పటిదాకా బండి తీయవద్దమ్మా, ఇక్కడే పెట్టుకో" అన్నారు. స్కూటరును ఆయన మెట్ల కింద ఉంచి ఆటోలో ఇంటికి వెళ్లాను. అమ్మకం పూర్తయ్యాక కూడా ఇంత జాగ్రత్త చెప్పేవారిని నేను ఇంతకు ముందు చూడలేదు. రెండు రోజుల తరువాత, బండి వివరాలు చూపే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో కొత్త గడువు తేదీ కనిపించింది. చలానాను విడిగా ఆన్‌లైన్‌లో కట్టాను.

లోపాలు లేకపోలేదు. ఆయన ఒకే సంస్థ పాలసీలు ఇస్తారు, కాబట్టి బండి నష్టం బీమా కోసం నాలుగైదు ధరలు పోల్చుకోవాలనుకునేవారికి ఇక్కడ వీలుపడదు. ప్రింటరు నిదానం, ఇద్దరు ముందు ఉంటే గంట పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి నాలుగు వరకు మూసి ఉంటుంది. ఆర్సీ, పాత పాలసీతో పాటు ఆధార్ కూడా తీసుకువెళ్లండి, 2023 జనవరి నుంచి కేవైసీ (గుర్తింపు ధ్రువీకరణ) లేకుండా పాలసీ ఇవ్వరు. నేను ఆధార్ మరచిపోయి ఇంటి నుంచి ఫోటో పంపించుకోవలసి వచ్చింది, ఆయన అంతసేపూ విసుక్కోకుండా నా కోసం ఆగారు.