నదీతీర బసలు, వాటి మురుగు చేరే దారులు

నది వెంబడి ఎగువ నుంచి దిగువకు సాగిన ఈ యాత్రలో ప్రతి మజిలీలోనూ గది సౌకర్యంతో పాటు మరుగుదొడ్డి మురుగు ఎక్కడికి చేరుతోందో కూడా అడిగి తెలుసుకున్నాను. నదీతీర బస మంచిదా కాదా అన్నది, నా దృష్టిలో, ముందుగా దాన్ని బట్టే తేలుతుంది.

ఎగువన ఉన్న గుడారాల శిబిరంలో పడకలు గట్టివి, స్నానపు వసతి అంతంతమాత్రం. అయితే అక్కడ మలాన్ని మూత బిగించిన డబ్బాల్లో పట్టి నదికి దూరంగా తరలిస్తున్నారు. మోకాలి లోతు నీటిలో ఒక రాయిని తిరగేస్తే దాని అడుగున మేఫ్లై అనే ఎగిరే పురుగుల మూడు తోకల పిల్లలు పక్కకు జారుకుంటూ కనిపించాయి. ఇసుక రేణువులతో గూళ్లు కట్టుకున్న క్యాడిస్ అనే మరో ఎగిరే పురుగు లార్వాలు (పిల్లదశ పురుగులు) రాతిని అంటిపెట్టుకుని ఉన్నాయి. ఆక్సిజన్ సమృద్ధిగా ఉన్న నీటిలో బతికే ఈ పురుగులు చేపలకు ఆహారం. రెక్కలొచ్చి పైకి లేచాక పిట్టలకూ, గబ్బిలాలకూ, సాలీళ్లకూ అవే ఆధారం. ఎవరడిగినా ఈ శిబిరాన్నే మొదట చెబుతాను.

దిగువన ఉన్న విడిది గృహంలో గదులు విశాలం, సిబ్బంది మర్యాదస్తులు. కానీ భవనం వెనుక గొట్టం తిన్నగా నదిలోకే తెరుచుకుంటోంది. సెప్టిక్ ట్యాంకు ఉంది కదా అన్నారు నిర్వాహకులు. ఆ ట్యాంకులో గట్టి పదార్థం చాలావరకు అడుగున చేరుతుంది గానీ, బయటికి వచ్చే నీటిలో నత్రజని, భాస్వరం, రోగక్రిములు మిగిలే ఉంటాయి కనుక ఆ నీటిని నేలలోకి ఇంకించాలి. గొట్టం కింది రాళ్ల మీద దూది పింజల్లాంటి బూడిదరంగు జిగట పేరుకుంది. అది మురుగు మీద పెరిగే బాక్టీరియా. అక్కడ ఏ రాయి తిప్పినా మేఫ్లై ఒక్కటీ లేదు. బురదలో మాత్రం ట్యూబిఫెక్స్ అనే సన్నటి ఎర్ర పురుగులు, కుట్టని దోమల ఎర్రటి లార్వాలు కుప్పలుగా కదులుతున్నాయి. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు మంచినీటిలో కరిగి ఉండగల ఆక్సిజన్ సుమారు 9 మిల్లీగ్రాములే. మలాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా దాన్ని కాస్తా వాడేసుకుంటే, మిగిలిన కొద్దిపాటినీ హిమోగ్లోబిన్‌తో పట్టుకోగల ఈ ఎర్ర పురుగులే నెగ్గుకొస్తాయి. ఎంత మంచి గదులున్నా ఈ బసను నేను ఎవరికీ సూచించలేను.

ఇంకా దిగువన, పారుదల మందగించిన చోట, మురుగులోని నత్రజని, భాస్వరం పోషకాలుగా అంది నాచు దట్టంగా అల్లుకుంది. పగలు ఆక్సిజన్‌ను ఇచ్చే నాచు రాత్రి తానే దాన్ని పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఇక్కడ ఈత వద్దు.

పడవల్లో, మరుగుదొడ్డి కింద నిల్వ ట్యాంకు ఉండి, దాన్ని ఒడ్డున శుద్ధి కేంద్రానికి ఖాళీ చేసేదాన్నే ఎంచుకోవాలి. ఆ వివరం టికెట్టు తీసుకునే ముందే అడగవచ్చు.