రాడ్ బోల్ట్‌ల ‘స్ట్రెచ్ చెకింగ్’కి డబ్బులు కట్టబోతున్నారా? ఆగండి

జేసీ రోడ్ వెనక సందులో రేస్ ఇంజన్లు కట్టే పెద్దమనిషి గురించే ఇది. పేరు రాయను, బెంగళూరులో పాత హోండా సిటీ వీటెక్ కారు పెట్టుకున్న మనవాళ్లు ఎక్కువమంది చివరికి అక్కడే తేలతారు కాబట్టి రాయక్కర్లేదు కూడా. పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే ఫోర్జ్‌డ్ రాడ్‌లు, వాటి బోల్ట్‌లు, పిస్టన్‌లు నేనే తెప్పించి ఇచ్చాను, మెషినింగ్, అసెంబ్లీ ఆయనవి. రన్నింగ్-ఇన్ అయింది, ట్యూనింగ్ అయింది, మొన్న శనివారం శ్రీపెరంబుదూర్ ట్రాక్‌లో స్ట్రెయిట్ మీద ఉండగా మూడో సిలిండర్ రాడ్ బ్లాక్‌ని చీల్చుకుని బయటికొచ్చింది. బ్లాక్, హెడ్, క్రాంక్ అన్నీ పోయాయి. బండి ఫ్లాట్‌బెడ్ మీద తిరిగొచ్చింది.

దానికంటే ఎక్కువ మండింది సోమవారం. విరిగిన బోల్ట్ కవర్లో వేసుకుని పోయాను. టీ తాగుతున్నాడు. బోల్ట్ వైపు చూడనైనా చూడకుండా “ఎంత ఆర్‌పీఎం కొట్టినావన్నా?” అన్నాడు. ఇంజన్ స్పీడు రికార్డైన లాగ్ తీసి చూపించా, స్పీడు మించనివ్వని లిమిటర్ 7,400 దగ్గర పెట్టింది ఆయనే, నేను 7,100 కూడా దాటలేదు. “అయితే బోల్ట్ మంచిది కాదు, నువ్వు తెచ్చిన సామానే కదన్నా.” సరే అని బిల్లు తీశా. అందులో స్పష్టంగా ఉంది, ‘రాడ్ బోల్ట్ స్ట్రెచ్ చెకింగ్, 8 నంబర్లు, 4,800’, అంటే బిగించినప్పుడు ఒక్కో బోల్ట్ ఎంత సాగిందో కొలిచినందుకు 4,800 రూపాయలు. రీడింగులు ఇమ్మన్నా. రాసి పెట్టలేదట. పోనీ ఆ సాగుదల కొలిచే గేజ్ చూపించు అన్నా. “ఫ్రెండ్ తీస్కపోయినాడు” అన్నాడు, వెనక హెల్పర్ కుర్రాడు నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. ఆ షాపులో ఆ గేజ్ ఎప్పుడూ లేదని నాకు అప్పుడు అర్థమైంది. పైగా “మనం మనం తెలుగోళ్లం, బిల్లు కాడ గొడవెందుకు” అని నాకే నీతి చెప్పాడు!

ఇంటికొచ్చి మిగిలిన సామాను పెట్టె విప్పితే, బోల్ట్‌లతో పాటు వచ్చిన, మరలకి రాసే లూబ్ ప్యాకెట్ సీల్ కూడా తియ్యకుండా అలాగే ఉంది.

ఆ ప్యాకెట్ ఎందుకంత ముఖ్యమో ఇంకా కొందరికి తెలియకపోవచ్చు. మనం రెంచ్‌తో పెట్టే టార్క్‌లో, అంటే తిప్పే బలంలో, సుమారు పదో వంతు మాత్రమే బోల్ట్‌ని సాగదీస్తుంది, మిగతాదంతా తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. కంపెనీ కాగితం మీద ఉన్న టార్క్ అంకె ఆ లూబ్ రాసి బిగిస్తేనే చెల్లుతుంది. మామూలు ఇంజన్ ఆయిల్ రాసి అదే అంకె దగ్గర రెంచ్ టిక్ మనిపిస్తే రాపిడి ఎక్కువ, సాగుదల తక్కువ, అంటే రాడ్ కింది సగాన్ని, అదే క్యాప్‌ని, పట్టి ఉంచే బిగువు తక్కువ. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్ పైన ఆగి వెనక్కి తిరిగేటప్పుడు ఆ లాగుడంతా ఈ రెండు బోల్ట్‌ల మీదే పడుతుంది, అది స్పీడు వర్గంతో పెరుగుతుంది. 6,000 నుంచి 7,100కి పోతే 40 శాతం ఎక్కువ. బోల్ట్ బిగువు ఆ లాగుడు కంటే తక్కువుంటే క్యాప్ ప్రతి చుట్టుకీ కొంచెం తెరుచుకుంటుంది, బోల్ట్ అలిసిపోయి తెగుతుంది. అందుకే టార్క్‌ని నమ్మకుండా బోల్ట్ ఎంత సాగిందో గేజ్‌తో కొలుస్తారు, చాలా రాడ్‌లకి 5, 6 థౌల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దగ్గర ఉంటుంది, మీ రాడ్‌తో వచ్చిన కాగితంలో రాసుంటుంది.

మిగతా మూడు రాడ్‌లు వేరే మెషిన్ షాపులో విప్పించాను. ఒకే రాడ్‌కి ఒక బోల్ట్ గట్టిగా ఉంది, పక్కది ఊరికే కదిలిపోయింది. తలల అంచులు కూడా అరిగున్నాయి, ఎయిర్ గన్‌తో బిగించినట్టున్నాడు. 4,800 దేనికిచ్చానంటే, బహుశా గేజ్‌ని ఊహించుకున్నందుకు.

ఎవరి దగ్గరైనా కట్టిస్తుంటే, ఎనిమిది బోల్ట్‌ల పొడుగు బిగించకముందు ఎంత, బిగించాక ఎంత అని కాగితం మీద రాసిమ్మనండి, వీలైతే పక్కన నిలబడి చూడండి. విప్పాక బోల్ట్ మొదటి పొడుగుకి రాకుండా ఒక థౌ ఎక్కువ మిగిలితే పారెయ్యడమే. కొత్త బోల్ట్‌లు వేస్తే బిగించి బిగ్ ఎండ్, అంటే రాడ్‌కి క్రాంక్ వైపున్న పెద్ద రంధ్రం, గుండ్రంగా ఉందో లేదో కొలిపించండి. ఫ్యాక్టరీ బోల్ట్‌ల్లో యాంగిల్ ప్రకారం, అంటే ఇన్ని డిగ్రీలని తిప్పి బిగించే రకాలు చాలావరకు ఒక్కసారి వాడేవే, మళ్లీ పెట్టనివ్వకండి.

బిల్లు, లాగ్, ప్యాకెట్ ఫోటోలు కావాలంటే మెసేజ్ చెయ్యండి. ఎవరి దగ్గరైనా మంచి బ్లాక్ ఉంటే, క్రాంక్‌తో సహా అయినా పర్లేదు, ధర చెప్పండి.