కొండ పరుగుకి దారి వెతుక్కున్న నాలుగు రోజులు

పోటీకి ఇంకా పది వారాలుంది. 35 కిలోమీటర్ల దూరం, అందులో 2,000 మీటర్ల ఎక్కుడు. చదును రోడ్డు మీద ఎంత పరిగెత్తినా తొడలకి కొండ అలవాటు కాదు. అందుకే నాలుగు రోజులు సెలవు పెట్టి కొండల్లోకి వెళ్లాను. ఒంటరిగా, వారం వారం, భయం లేకుండా ప్రాక్టీసు చేసుకోగలిగే దారి ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. ఇంట్లోనే ఫోన్లో, ఒక యాప్‌లో వేరేవాళ్లు నమోదు చేసిపెట్టిన దారులు చూసి మూడు రూట్లు గీసుకుని వాచీలోకి ఎక్కించుకున్నాను. తెర మీద మూడూ ఒకేలాంటి నీలం గీతలు.

మొదటి రాత్రి కింద, బస్సులు ఆగే చోట ఉన్న లాడ్జిలో దిగాను. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు బాగా వచ్చాయి. చిక్కల్లా ఏమిటంటే కాలిబాట మొదలయ్యే చోటు అక్కడికి తొమ్మిది కిలోమీటర్లు. అయిదింటికి వస్తానన్న డ్రైవరు ఆరూ నలభైకి వచ్చాడు. కౌంటర్లో కుర్రాణ్ణి దారి గురించి అడిగితే తలెత్తకుండానే "ఫోన్లో ఉంటుంది కదండీ" అన్నాడు.

ఆ ఆలస్యం ఖరీదు ఎంతో కొండకొమ్ము మీద తెలిసింది. మొదటి రూటు అదే: 14 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎక్కుడు. అందంలో దానికి సాటి లేదు, రెండు వైపులా లోయలే. పదిన్నరకి పడమటి వైపు మబ్బు నల్లబడింది. మెరుపు మెరిశాక లెక్కపెట్టాను, ఇరవై అంకెలకి ఉరుము వినిపించింది. ధ్వని కిలోమీటరు దూరం రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది కాబట్టి పిడుగు ఏడు కిలోమీటర్లలో ఉన్నట్టు. లెక్క ముప్ఫై లోపు వచ్చిందంటే ఎత్తు మీంచి దిగిపోవాలి. కానీ ఎటు దిగాలి? ముందు నాలుగు కిలోమీటర్లు కొమ్మే, రెండు పక్కలా కోసేసినట్టున్న చరియలు. అదృష్టం కొద్దీ నేనింకా కిలోమీటరే లోపలికి వెళ్లాను. వెనక్కి తిరిగి పరిగెత్తాను. గాలి తగిలిన రెండు నిమిషాలకే వేళ్లకి జాకెట్ జిప్పు పట్టు దొరకలేదు.

2021 మేలో చైనాలోని గన్సు ప్రాంతంలో జరిగిన వంద కిలోమీటర్ల కొండ పరుగు గుర్తొచ్చింది. చలిగాలి, వాన, వడగళ్లు ఒక్కసారిగా ముంచుకొచ్చి 21 మంది చనిపోయారు. వాళ్లు చిక్కుకున్నది వాహనం రాలేని ఎక్కుడులో. ఒక గొర్రెల కాపరి ఆరుగురిని తనకి తెలిసిన గుహలోకి చేర్చి బతికించాడు.

రెండోరోజు లాడ్జి ఖాళీ చేసి పైన ఒక ఇంట్లో గది తీసుకున్నాను. మంచం గట్టిది, వేడినీళ్లు బకెట్టుతో తెచ్చిస్తారు, ఫోన్ సిగ్నల్ అరుగు చివర మాత్రమే. కానీ పొద్దున్నే బూట్లు కట్టుకుంటుంటే ఇంటావిడ, "ఎటు వెళ్తున్నావు బాబూ, ఎన్నింటికి వస్తావు?" అనడిగి గోడ మీది క్యాలెండర్లో పెన్సిలుతో రాసుకుంది. "పన్నెండు దాటితే మా అబ్బాయిని పంపిస్తా" అంది. స్టార్ రేటింగులు ఇలాంటివి లెక్కలోకి తీసుకోవు మరి.

ఆ రోజు రెండో రూటు, వంక (చిన్న వాగు) వెంట లోయలోకి దిగేది. యాప్‌లో అన్నిటికన్నా దగ్గర దారి. కాసేపటికి బాట పోయి ఎండిన వంక మిగిలింది. నున్నటి గుండ్లు, నీడలో పాచి. వాచీ ముందుకే పొమ్మంటోంది. ఒక మలుపు తిరిగేసరికి బండ అంచు. కింద నా ఎత్తుకి రెండింతల లోతు, అడుగున నల్లటి మడుగు. జారి దిగొచ్చనిపించింది. దిగాక ఇంకో అంచు వస్తే? జారి దిగిన బండని మళ్లీ ఎక్కలేం. అయిదు నిమిషాలు కూర్చుని నీళ్లు తాగి, చేతులు ఆనించుకుంటూ నలభై నిమిషాలు వెనక్కి ఎక్కాను. సాయంత్రం యాప్‌లో ఆ రూటు రికార్డింగు తెరిచి సమయాలు చూస్తే విషయం బయటపడింది: దాన్ని నమోదు చేసినాయన ఆ వంకని కింద నుంచి పైకి ఎక్కాడు! నీలం గీతకి పైకా కిందకా అన్న తేడా తెలియదు.

మూడోది అడవిలో జీపు దారి. ఆరు కిలోమీటర్ల చుట్టు, 320 మీటర్ల ఎక్కుడు. చూడ్డానికేమీ లేదు. కానీ చుట్టుకోసారి నేను దిగిన ఇంటి ముందుకే వస్తాను, నీళ్లు నింపుకోవచ్చు, ఒంట్లో బాగోకపోతే అక్కడే ఆగిపోవచ్చు, కాలు మడతపడితే బండి వస్తుంది. మూడు చుట్లకి 18 కిలోమీటర్లు, 960 మీటర్లు. కొమ్ము కన్నా ఎక్కుడు ఎక్కువే! దిగుడులో తొడ కండరం సాగుతూనే బరువు ఆపాలి కాబట్టి అసలు నొప్పి ఒకటి రెండు రోజులు పోయాకే తెలుస్తుంది. నాలుగోరోజు మెట్లు వెనక్కి తిరిగి దిగాను. ఎదురు కనపడని మలుపుల దగ్గర మాత్రం ఇయర్‌ఫోన్లు తీసేయాలి. ఒక మలుపులో రెండు కుక్కలు వెంటపడ్డాయి, పరుగు ఆపి నడిస్తే వాటికే విసుగొచ్చింది.

మూడోరోజు మధ్యాహ్నం ఇంటావిడ కొడుకుని తోడు రమ్మని కొమ్ము వైపు మళ్లీ వెళ్లాను. ఈ ప్రయాణంలో డబ్బిచ్చినందుకు అన్నిటికన్నా గిట్టుబాటైంది అదే. కొమ్ము మధ్యలో ఒక పొద వెనక నుంచి మేకలు దిగే బాట చూపించాడు, మ్యాపులో లేదు. దానిమీద ఇరవై నిమిషాల్లో జీపు దారికి చేరాం. ఆ బాట తెలిశాక కొమ్ము గురించి నా అభిప్రాయం మారింది. ఆకాశం తేటగా ఉన్న పొద్దుల్లో అక్కడిదాకా వెళ్తాను, దాటి వెళ్లను.

నీళ్లూ బట్టలూ ఇప్పుడు పరుగు వేగాన్ని బట్టి కాకుండా నడక వేగాన్ని బట్టి సర్దుకుంటున్నాను. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఉంది: సుమారుగా అయిదు కిలోమీటర్లకి ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి మరో గంట. మొత్తం కొమ్ముకైతే నాలుగుంపావు గంటలు దాటుతుంది. కాలు బెణికితే ఇంకా ఎక్కువే.

వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను, అదే గది. వాచీలోంచి వంక గీత చెరిపేశాను. మేకల బాట ఇంకా గీసుకోవాలి, పైనుంచి కిందకి.