లెవెటిరాసెటామ్: ఫిట్స్ ఆగాయి, కోపం మొదలైంది

ఇంటర్మీడియట్ రోజుల నుంచి నాకు ఫిట్స్ ఉన్నాయి. మొదట్లో చాలాకాలం సోడియం వాల్‌ప్రోయేట్ వాడాను. ఫిట్స్ తగ్గాయి కానీ ఒళ్లు వచ్చింది, చేతులు వణికేవి. బెంగళూరులో ఉద్యోగం దొరికాక ఇక్కడి న్యూరాలజిస్టు దాన్ని మెల్లగా తగ్గించి లెవెటిరాసెటామ్‌కు మార్చారు. ఏళ్ల తరబడి ఉదయం, రాత్రి అదే మాత్ర.

ఫిట్స్ ఆపడంలో దీనికి నూటికి నూరు మార్కులు వేస్తాను. చేతుల వణుకు కూడా పోయింది. ఈ మందుతో కాలేయానికి పెద్దగా పని ఉండదు, ఎక్కువ భాగం మూత్రంలోనే పోతుంది. అందుకే ఇతర మందులతో పేచీ తక్కువ. కిడ్నీ జబ్బు ఉన్నవారికి మాత్రం డోసు తగ్గించాలి. పెద్దవారిలో 6 నుంచి 8 గంటల్లో రక్తంలో సగానికి పడిపోతుంది కాబట్టి వేళ తప్పకూడదు. సాయంత్రం సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్ ఎప్పుడు కదులుతుందో ఎవరూ చెప్పలేరు, అందుకని బ్యాగులో ఎప్పుడూ ఒక స్ట్రిప్పు ఉంచుకుంటాను.

ఇక కోపం సంగతి. ఒకరోజు కుక్కర్ విజిల్ వేస్తే చేతిలోని కంచం గోడకేసి కొట్టాను. అన్నం మెతుకులు స్విచ్ బోర్డు దాకా చిందాయి. మా అబ్బాయి తలుపు చాటుకు వెళ్లి నిలబడ్డాడు. నా భార్య ఆ రాత్రి అన్నది: "మీరు ఇలాంటి మనిషి కాదండీ. మందు మారాకే ఇలా అయ్యారు. డాక్టరు గారికి చెబుదాం." అప్పటికే ఆమె నేను విసుక్కున్న రోజులన్నీ తెలుగు క్యాలెండరులో గుర్తు పెట్టి ఉంచింది. ఆ కాగితాలు చూడగానే డాక్టరు గారికి విషయం అర్థమైంది.

ఫిట్స్‌కు వాడే ఫెనిటోయిన్, కార్బమాజెపిన్ అనే పాత మందులు నరాల కణాల్లోకి సోడియం వెళ్లే దారులను (సోడియం ఛానళ్లను) అదుపు చేస్తాయి. వాల్‌ప్రోయేట్ చేసే పనుల్లో మెదడును శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని పెంచడం ఒకటి. లెవెటిరాసెటామ్ దారి వేరు. నరాల చివర్లలో రసాయన సందేశాలు నింపుకున్న అతి చిన్న తిత్తులు ఉంటాయి. వాటి మీది ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్‌కు ఇది అతుక్కుంటుంది. అమెరికాలో ఈ మందుకు అనుమతి వచ్చింది 1999లో, ఇది ఈ ప్రొటీన్‌కు అతుక్కుంటుందన్న సంగతి బయటపడింది 2004లో. ఆ ప్రొటీన్ ఫిట్స్ పుట్టే చోట మాత్రమే కాదు, మెదడంతటా ఉంటుంది. చిరాకు, దుడుకుతనం, దిగులు ఈ మందు వాడే కొందరిలో కనిపిస్తాయని వైద్యులకు బాగా తెలుసు. ఆ మాట మాత్రతో పాటే ఇంట్లోవాళ్లకూ చెప్పాలి. లేకపోతే మనిషే చెడ్డవాడయ్యాడని అనుకుంటారు. ఎన్ని కాపురాల్లో ఇలా జరిగి ఉంటుందో తలచుకుంటే బాధేస్తుంది.

కోపం వస్తోందని మాత్ర హఠాత్తుగా మానేయకండి. ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే డాక్టరును కలవాలి. నాకు డోసు తగ్గించి లామోట్రిజిన్ అనే మరో ఫిట్స్ మందు జోడించారు. ఒంటి మీద ప్రమాదకరమైన దద్దుర్లు రాకుండా దాన్ని వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచారు. ఫిట్స్ తిరిగి రాలేదు. ఇప్పుడు పిల్లవాడు లెక్కల పుస్తకం పట్టుకుని నేరుగా నా దగ్గరికే వస్తున్నాడు.