జూపార్క్ రోడ్డులో ఆఫీసుకు పోవడానికి గేర్ల సైకిల్ ఎలా ఉంది?

తిరుపతిలో అలిపిరి నుంచి జూపార్క్ మీదుగా చెర్లోపల్లి వైపు రోజూ పనికి పోయేవాళ్లు, బైకు వదిలేసి సైకిల్ మీద పోవచ్చా అని అడుగుతున్నారు. పోవచ్చు, పైగా చలికాలమే మొదలుపెట్టడానికి మంచి సమయం. నేను శ్రీనివాసమంగాపురం దగ్గర పనిచేస్తాను, పోయిన చలికాలం నుంచి హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కూ కొండ సైకిల్‌కూ మధ్యరకం) మీదే పోతున్నాను. ఏడు గేర్లు, 35 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు (సైజు 700x35), డిస్క్ బ్రేకులు, పదిహేను వేల పైచిలుకు అయింది. ఈ ధరలో ఏ కంపెనీది తీసుకున్నా ఇంచుమించు ఇవే భాగాలు ఉంటాయి కాబట్టి పేరు రాయడం లేదు.

కపిలతీర్థం దాటి అలిపిరి వైపు ఎక్కేటప్పుడే గేర్ల విలువ తెలుస్తుంది. మామూలు సైకిల్ అయితే సీటు మీంచి లేచి తొక్కాల్సిన చోట, దీనిమీద తేలిక గేరు వేసుకుని కూర్చునే పోవచ్చు, ఆఫీసు చేరేసరికి చొక్కా తడిసిపోదు.

అసలు సుఖం అలిపిరి దాటాక ఉంది. నవంబరు వానలు తగ్గి డిసెంబరు వచ్చేసరికి శేషాచలం పచ్చగా ఉంటుంది, గాలి చల్లగా మొహానికి తగులుతుంది. ధనుర్మాసంలో ఊళ్లో గుడి మైకుల్లోంచి తిరుప్పావై వినిపిస్తూ ఉంటుంది (ఆ నెల తిరుమలలో కూడా సుప్రభాతం బదులు తిరుప్పావైయే కదా), కొంత దూరం పోయాక అదీ ఆగిపోయి ఇక చైన్ చప్పుడు, అడవిలో ఎక్కడో నెమలి అరుపు, అంతే. బైకు మీద పోయినన్నాళ్లూ ఈ రోడ్డులో ఇన్ని పిట్టలు ఉన్నాయని నాకు తెలియనే తెలియదు. తొక్కడం ఆపితే టిక్‌టిక్‌మనే ఫ్రీవీల్ చప్పుడు కూడా ఇక్కడ పెద్దగా వినిపిస్తుంది. ఈ అరగంట కోసమే నేను సైకిల్ మానలేకపోతున్నాను.

కానీ తెల్లారకముందు పోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఆరేళ్ల పాపను చంపేసింది, ఈ రోడ్డు పక్కనున్నదీ ఆ శేషాచలం అడవే. సైకిల్ బైకులా చప్పుడు చేయదు కాబట్టి మనం వస్తున్నట్టు జంతువులకు కూడా తెలియదు. బాగా వెలుతురు వచ్చాకే బయల్దేరండి. సాయంత్రం ఆలస్యమైతే నేను చంద్రగిరి మెయిన్ రోడ్డు మీదుగా తిరిగొస్తాను, దూరమైనా సరే.

ఇక లోపాలు. కొన్నప్పుడు మడ్‌గార్డులు, లైట్లు, స్టాండు ఏవీ రాలేదు, అన్నీ విడిగా కొనాల్సిందే. తడి రోడ్డు మీద మడ్‌గార్డు లేకపోతే వీపంతా బురద చారలు పడతాయి, అదీ ఆఫీసు బట్టల మీద! ముందు లైటు కాస్త కిందికి వంచి పెట్టుకోండి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొట్టకూడదు. వెనక ఎర్ర లైటు పగలు మంచులో కూడా వేసుకోండి.

ఎవరూ ముందు చెప్పనిది గాలి సంగతి. ఈ ట్యూబులకు బైకులకు, కార్లకు ఉండే రకం వాల్వు ఉంటుంది. మా వీధిలో సైకిల్ షాపు పెద్దాయన దగ్గరికి పోతే "దీనికి మా పంపు పట్టదు నాయనా, పెట్రోలు బంకుకు పో" అన్నాడు. బంకులో పట్టించొచ్చు గానీ చిన్న ట్యూబు కాబట్టి గాలి ఒక్కసారిగా ఎక్కుతుంది, దగ్గరుండి చూసుకోవాలి. మీటరున్న చేతిపంపు కొనుక్కుంటే టెన్షన్ ఉండదు. రోడ్డు అంచున తుమ్మముళ్లు ఉంటాయి, ఒక ట్యూబు, టైరు ఊడదీసే లివర్లు సంచిలో పెట్టుకోండి. పంక్చరు అయితే ఆ అడవిలో షాపులు లేవు.

డిస్క్ బ్రేకులు వానలో బాగా పట్టాయి, తడిగా ఉన్నప్పుడు కీచుమంటాయి గానీ భయపడాల్సింది ఏమీ లేదు. వాటి ప్యాడ్లు మాత్రం చిన్న షాపుల్లో దొరకలేదు. మళ్లీ కొనాల్సి వస్తే నేను రిమ్ముకు రబ్బరు పట్టే వి-బ్రేకులే తీసుకుంటాను, వాటి రబ్బర్లు మన ఊళ్లో దాదాపు ఎక్కడైనా ఉంటాయి.

ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టకండి. షాపుకు పోయి ఫ్రేము మీద రెండు పక్కలా కాళ్లు వేసి నిలబడి చూడండి, మధ్య కడ్డీ తగలకుండా రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనాలి. ఆనకపోతే డిస్కౌంట్ ఎంతిచ్చినా వద్దనండి.