వైరస్ ఎస్‌డబ్ల్యూ 80: పేరు చూసి భయపడకండి

ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో ఉండగా నేను ఎక్కిన మొదటి విమానం ఇదే. స్లొవేనియాలోని పిపిస్ట్రెల్ కంపెనీది, 2015లో మన రక్షణ శాఖ 194 ఆర్డర్ చేసింది. పక్కపక్కన రెండు సీట్లు, 80 హార్స్‌పవర్ రోటాక్స్ ఇంజిన్, బాడీ అంతా కాంపోజిట్ (ఫైబర్, రెసిన్ కలిపి చేసే తేలికైన పదార్థం). ఎగిరేముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతూ ఉంటే ఆయిల్ ట్యాంకులోంచి గుడగుడమని శబ్దం వస్తుంది, అది విన్నాకే ఆయిల్ ఎంతుందో కొలిచే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూడాలి. నాకు భలే సరదాగా ఉండేది.

లేవడం చిటికెలో పని, అసలు టెన్షన్ దిగేటప్పుడే. దీనికి గ్లైడర్ (ఇంజిన్ లేకుండా గాల్లో తేలే విమానం) పోలికలు ఎక్కువ, స్పీడ్ కొంచెం ఎక్కువున్నా నేల మీదికి రమ్మంటే ఒక పట్టాన రాదు. మొదట్లో నేను ఇదిగో ఆనింది, అదిగో ఆనింది అనుకుంటుండగానే రన్‌వే సగం అయిపోయింది, పక్కనున్న సార్ ఏమీ అనకుండా తల పైనున్న ఎయిర్‌బ్రేక్ లివర్ వైపు చూశారు. అది లాగితే రెక్కల మీద పలకలు లేస్తాయి, ఇక బుద్ధిగా దిగుతుంది. కొత్తవాళ్లకి కాస్త కష్టమే, కానీ స్పీడ్ లెక్క ఒంటబడుతుంది. మే నెలలో మాత్రం ఆ అద్దాల కింద ఉడికిపోతారు, నీళ్ల సీసా మర్చిపోకండి.